టేపు ఎవరి చేతిలో ఉంది?



చిన్నప్పుడు మా ఊళ్లో కరువు పనులు జరిగేవి. మాది అనంతపురం జిల్లా. వాన బాగా పడిన ఏడాదిని గుర్తుపెట్టుకుని చెప్పుకునే జిల్లా. చెరువులో పూడిక తీయడం, కట్ట మీద మట్టి పోయడం, ఊరి బయట రోడ్డుకు కంకర కొట్టడం, ఇవీ పనులు. వారం చివర చింతచెట్టు కింద ఒక బల్ల వేసేవాళ్లు. బల్ల మీద పొడుగాటి పుస్తకం, ఇంకు ప్యాడు. మా అవ్వ వరసలో నిలబడి తన వంతు రాగానే బొటనవేలు అందించేది. వేలు ఆమెదే గానీ దాన్ని పట్టుకుని ప్యాడుకు అద్ది, కాగితం మీద ఒత్తేది మాత్రం బల్ల అవతల కూర్చున్న ఆయన. అందుకే అందించేది అంటున్నాను. ఆ కాగితంలో ఎన్ని రోజులు రాశారో, ఎంత రాశారో మా అవ్వ ఎన్నడూ అడగలేదు. అడిగితే వచ్చే వారం పనిలో పేరుండదు. ఇంటికొచ్చి వేలిని కొంగుకు తుడుచుకుంటూ డబ్బులు మూడుసార్లు లెక్కపెట్టేది. మూడుసార్లు లెక్కపెడితే మాత్రం పెరుగుతాయా?

ఆ పుస్తకం పేరు మస్టర్ రోల్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ పుస్తకం గురించీ, దాన్ని చూపించమని అడిగిన కూలీల గురించీ.

కూలి ఎగ్గొట్టడం అనగానే మనకు రాత్రికి రాత్రి సెల్ ఫోన్ ఆపేసి మాయమైన మేస్త్రీ గుర్తొస్తాడు. అలాంటివాళ్లు లేకపోలేదు. అయితే అది మొరటు దొంగతనం. నాజూకైన దొంగతనం వేరు. అందులో ఎవరూ పారిపోరు. అంతా బల్ల మీదే, పట్టపగలే, సంతకాలతో సహా జరిగిపోతుంది. పన్నెండు రోజులు పని చేస్తే తొమ్మిది పడుతుంది. తవ్విన గుంత కొలతలో చిన్నదైపోతుంది. ఊళ్లో లేని మనిషి పేరు మీద మస్టరు నిండుతుంది. లేదా కాగితం మీద పూర్తి జీతం చూపించి, చేతికిచ్చాక కొంత వెనక్కి పుచ్చుకుంటారు. నాకు తెలిసిన ఒకావిడ ఒక కార్యాలయంలో ఊడ్చే పని చేసేది. జీతం ఆమె బ్యాంకు ఖాతాలోనే పడేది. ఏటీఎం కార్డు మాత్రం కంట్రాక్టరు మనిషి జేబులో ఉండేది. పద్దులో ఒక్క తప్పు పట్టుకోండి చూద్దాం!

ఈ నాజూకు దొంగతనం మాట మన దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన తీరు వినాలి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు. స్టేడియాలు, ఫ్లై ఓవర్లు, హోటళ్లు కట్టడానికి రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి కూలీలను తెచ్చారు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కంట్రాక్టర్లు ఆ డబ్బు జమాదారు చేతికి ఇచ్చేవారు. జమాదారు తలకు ఒక రూపాయి కమిషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెట్టేవాడు. ఒక్క రూపాయి! ఆ రూపాయి మీద పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే సంస్థ ఒక ఉత్తరం రాస్తే, జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది అని ఆ ఏడాది సెప్టెంబరులో తీర్పు వచ్చింది. మెడ మీద కత్తి పెడితేనే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమేనని న్యాయమూర్తులు చెప్పారు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ మాట ఢిల్లీ ఫ్లై ఓవర్లకు కూడా వర్తిస్తుందని మాత్రం అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

నాలుగు నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో ఇంకో తీర్పు. ఇది కరువు పని మీద. అందుకే నాకు మా అవ్వ కేసులా అనిపిస్తుంది. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లా, కిషన్‌గఢ్ దగ్గర మదన్‌గంజ్ నుంచి హర్మాడాకు రోడ్డు పని. చేసేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. కనీస వేతనం 7 రూపాయలు. కూలీలను ముఠాలుగా విడదీసి, పదిహేను రోజులకొకసారి ముఠా మొత్తం చేసిన పనిని ప్రభుత్వం వారే కొలిచి, వచ్చిన డబ్బును తలా ఇంత పంచేవారు. ఆ కొలతల్లో చాలామందికి 7 రూపాయలు రాలేదు. హర్మాడాకు చెందిన నౌర్తీ బాయి అనే దళిత మహిళ అదే రోడ్డు మీద కూలీ. ఇది ఒప్పుకోనని ఆమె మొండికేసింది, మిగతావాళ్లను కూడగట్టింది. పక్కనే తిలోనియాలో పనిచేసే సంజిత్ రాయ్, అందరూ బంకర్ రాయ్ అనే ఆయన, సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం చెప్పుకున్న సమాధానం ఏమిటంటే: ఇది కరువు సహాయం, ఉద్యోగం కాదు, 1964లోనే మేము కరువు పనులకు కార్మిక చట్టాల నుంచి మినహాయింపు ఇచ్చుకున్నాం. అంటే కరువొచ్చింది కాబట్టి తక్కువ ఇస్తాం అని! కోర్టు ఒప్పుకోలేదు. మనిషి నిస్సహాయతను అడ్డం పెట్టుకుని సర్కారు చవకగా పని చేయించుకోవడం కుదరదంది. కనీస వేతనాల విషయంలో ఆ మినహాయింపును కొట్టేసింది.

తీర్పులు రెండూ గొప్పవే. అయినా పల్లెల్లో మస్టర్ రోల్ బల్ల అవతలే ఉండిపోయింది. ఏడు రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది సరే, నువ్వు ఏడు రూపాయల పని చేయలేదు అని కొలిచేవాడు అంటే? టేపు అతని చేతిలో, పుస్తకం అతని సంచిలో ఉంటే నువ్వేమని వాదిస్తావు?

ఈ ముడి విప్పినవాళ్లు మళ్లీ రాజస్థాన్ కూలీలే. 1987లో దేవ్‌డుంగ్రీ అనే చిన్న ఊళ్లో ఒక మట్టి ఇంట్లో కొందరు కాపురం పెట్టారు. ఐఏఎస్ వదిలేసి వచ్చిన అరుణా రాయ్, చదువుకుంటూ మధ్యలో ఇటొచ్చిన నిఖిల్ డే, పాటలూ తోలుబొమ్మలూ ఆడించగల శంకర్ సింగ్, ఆయన భార్య అన్షీ. దాదీ రపట్ అనే చోట ప్రభుత్వ పనిలో చట్టం చెప్పినదాని కన్నా తక్కువ కూలి ఇవ్వబోతే, అక్కడి కూలీలు ఆ డబ్బు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. వచ్చిన కూలిని వద్దనడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇంట్లో గింజ లేదు, బల్ల మీద నోట్లున్నాయి. 1990 మే 1న భీమ్ అనే పట్నంలో వీళ్లంతా కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టుకున్నారు. విదేశీ నిధులు లేవు, సర్కారు గ్రాంటు లేదు. పూర్తికాలం పనిచేసే కార్యకర్తలు కనీస వేతనాన్నే జీతంగా తీసుకునేవారు. ఆ డబ్బుతో బతకడం ఎంతో అలా రోజూ వాళ్లకే తెలిసేది.

మొదట వాళ్లు నిరాహార దీక్షలు చేశారు, అర్జీలు పెట్టారు. ప్రతిచోటా ఒకే జవాబు: మీరు పని చేయలేదని రికార్డు చెబుతోంది. అయితే ఆ రికార్డు చూపించండి. కుదరదు, అది ప్రభుత్వ రహస్యం. ఆలోచిస్తే నవ్వొస్తుంది. గుంత తవ్వినవాడు కూలీ, దాని పక్కన గేదెలు కాసుకునే పిల్లాడికి కూడా ఆ గుంత లోతు తెలుసు. కాగితం మీద దాని లోతు మాత్రం దేశ రహస్యం. అక్కడ ఉద్యమం మలుపు తిరిగింది. కూలి పెంచండి అనే మాట కన్నా ముందు, కాగితం ఇటు ఇవ్వండి అనే మాట వచ్చింది. మా పైసలు, మా లెక్కలు అన్నది వాళ్ల నినాదం.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరాణాలో మొదటి జన్ సున్‌వాయీ జరిగింది. జనమే విచారణ చేసే సభ అనుకోండి. ఎలాగోలా ఆ పంచాయతీ రికార్డులు చూసే అవకాశం దొరికింది, ఒక అధికారి మంచితనం వల్ల. టెంటు వేసి, మైకు పెట్టి, మస్టర్ రోల్‌లో పేర్లు ఒక్కొక్కటే బిగ్గరగా చదివారు. అంతే. ఉపన్యాసం లేదు. ఫలానావాడు ఫలానా తేదీల్లో పని చేశాడు, ఇంత తీసుకున్నాడు. జనంలోంచి జవాబులు: అతను చచ్చిపోయి ఎన్నేళ్లయిందో! ఆమె ఏనాడూ తట్ట ఎత్తలేదు! పూర్తయిందని రాసిన భవనానికి కప్పే లేదు, తిరిగి చూడండి, మీ వెనకే ఉంది! కళ్లముందున్న గోడకూ కాగితం మీది గోడకూ మధ్య తేడాను ఏ ఆడిటరూ అంత చప్పున పట్టుకోలేడు. ఆ చలికాలం నుంచి మరుసటి ఏప్రిల్ దాకా వరసగా ఇలాంటి సభలు జరిగాయి.

1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెఖావత్ శాసనసభలో, రికార్డుల నకళ్లు జనానికి ఇస్తామన్నారు. పత్రికలో వచ్చింది. ఆ పత్రిక ముక్క పట్టుకుని కూలీలు ఏడాది తిరిగారు, ఒక్క నకలూ రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్నంలో చాంగ్ గేట్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. 40 రోజులు. బజారులో కూరగాయలమ్మేవాళ్లు కూరలిచ్చారు, ఊరివాళ్లు గింజలూ చిల్లరా ఇచ్చారు. కూలీల గొడవ పట్నంవాళ్లకు ఎందుకు పట్టిందంటే, రేషన్ దుకాణంలోనూ ఆసుపత్రిలోనూ వాళ్లకూ ఒక మూసిన పుస్తకం ఉంది కనుక. ఆ రోజుల్లోనే ఢిల్లీలో విలేకరులు, నీకెందుకమ్మా ఈ సమాచార హక్కు అని సుశీల అనే ఒక గ్రామీణ మహిళను అడిగారు. నా కొడుకును పది రూపాయలిచ్చి బజారుకు పంపితే ఇంటికొచ్చాక లెక్క అడుగుతాను, సర్కారు నా పేరు మీద కోట్లు ఖర్చు పెడుతుంటే అడగొద్దా అన్నది ఆమె సమాధానం. తర్వాత సమాచార హక్కు గురించి ఎన్ని పుస్తకాలు వచ్చినా ఇంతకు మించి సూటిగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

మరుసటి ఏడాది జైపూర్‌లో ఇంకో ధర్నా, 53 రోజులు. దాని ముగింపు వింటే సినిమా రచయితకు కూడా అసూయ కలుగుతుంది. 53 రోజులు ఎండలో కూర్చోబెట్టాక ప్రభుత్వం ఏం ప్రకటించిందంటే, పంచాయతీ రికార్డుల నకళ్లు తీసుకునే హక్కు ఇస్తూ మేము ఆరు నెలల కిందటే గెజిట్‌లో ప్రచురించాం అని! సమాచారం ఇస్తామన్న ఉత్తర్వు గురించే ఎవరికీ సమాచారం లేదు. 2000లో రాజస్థాన్‌లో, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టాలు వచ్చాయి. మన ఊళ్లలో ఇప్పుడు ఆర్టీఐ వేస్తాను అనేది ఒక బెదిరింపు మాట కూడా అయింది. దాని పుట్టుక కూలి డబ్బుల్లో ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

2005లోనే ఉపాధి హామీ చట్టం కూడా వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. పనుల్లో కంట్రాక్టర్లు ఉండకూడదని, గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని చట్టంలో రాశారు. ఆ 17వ సెక్షన్ వెనక కోట్ కిరాణా టెంటు ఉంది. అదే ఏడాది రాజస్థాన్ నుంచి ఆ కార్యకర్తలు అనంతపురం వచ్చి ఇక్కడివాళ్లకు తనిఖీ నేర్పారు. వాళ్లలో ఒకరైన సౌమ్య కిడాంబి తర్వాత, 2009లో మన రాష్ట్రం సామాజిక తనిఖీల కోసం పెట్టిన సంస్థకు సారథ్యం వహించారు. అప్పటికి ఏ రాష్ట్రమూ అంత విస్తారంగా చేయని పని అది.

అప్పట్లో నేను ఒక పత్రికకు మండల విలేకరిని. తనిఖీ చేసేవాళ్లు ఎవరా అని చూద్దును కదా, పదో తరగతి, ఇంటర్ చదివిన కూలీల పిల్లలు! సొంత ఊరు ఇవ్వరు, పక్క మండలంలో వేస్తారు. బడి వరండాలో పడుకుంటారు. సర్పంచ్ ఇంటి భోజనం ముట్టరు. చేతిలో మస్టర్ల నకళ్లు, ఒక టేపు. గుంత దగ్గరకెళ్లి పొడవు, వెడల్పు, లోతు మళ్లీ కొలుస్తారు. తర్వాత గడప గడపకూ తిరిగి, ఇన్ని రోజులు చేశావా అవ్వా, ఇంత ముట్టిందా అని అడుగుతారు. రాత్రి గ్రామసభలో చదివి వినిపిస్తారు.

ఒక ఊళ్లో అలాగే చదువుతున్నారు. ఒకామె పేరు మీద ఇరవై నాలుగు రోజులు, డబ్బులు ముట్టినట్టు వేలిముద్ర కూడా. వెనక వరసలోంచి ఆమె లేచి, పగలబడి నవ్వింది. "నేనా? ఆ నెలంతా నేను బెంగళూరులో ఇటుకలు మోస్తాంటి కదప్పా!" సభంతా నవ్వింది. ఆ మస్టరు రాసిన ఫీల్డ్ అసిస్టెంటు నవ్వలేదు. తర్వాత మండల కేంద్రంలో బహిరంగ విచారణ రోజు ఆమెతో ఎవరో ఇంటికొచ్చి, నిన్న అన్న మాట ఇవాళ అనొద్దన్నారట. వచ్చింది, మళ్లీ అదే అంది. ఈసారి నవ్వకుండా.

అన్నీ గెలుపులే అని చెబితే అబద్ధమవుతుంది. తనిఖీల్లో తేలిన సొమ్ములో చాలాభాగం తిరిగి వసూలు కాలేదు. సస్పెండ్ అయినవాళ్లు కొన్నాళ్లకు తిరిగి కుర్చీలో కనపడేవారు. మన రాష్ట్రం తనిఖీ నివేదికలను చదివిన పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. కూలి పద్దులో దొంగతనం కష్టమయ్యేసరికి అది సామగ్రి పద్దులోకి జారుకుంది. సిమెంటు, కంకర లెక్కలు కూలీలు పట్టుకోలేరు కదా. నీళ్లకు ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కున్నట్టు.

దొంగ ఎప్పుడూ మేటో మేస్త్రీయో కానక్కర్లేదు, చట్టంలోని ఒక వాక్యం కూడా కావచ్చు. ఉపాధి హామీ చట్టం 6వ సెక్షన్‌లో, కనీస వేతనాల చట్టం ఏం చెప్పినా సరే, కేంద్రం వేరే రేటు నిర్ణయించవచ్చు అని రాశారు. 1983లో కోర్టు కొట్టేసిన మినహాయింపు ఇలా ఇంకో తలుపులోంచి వచ్చింది. 2009లో కేంద్రం ఆ వాక్యం ఆధారంగా కూలి స్తంభింపజేస్తే, మన వ్యవసాయ వృత్తిదారుల యూనియన్ హైకోర్టుకు వెళ్లి ఆ ఉత్తర్వును నిలిపివేయించింది. 2010లో రాజస్థాన్ టోంక్ జిల్లాలో కొందరు కూలీలకు కొలతల తర్వాత రోజుకు ఒక్క రూపాయి లెక్కన కూలి వచ్చింది. మళ్లీ ఆ రూపాయే! గాంధీ జయంతి నాడు జైపూర్‌లో కూర్చున్నవాళ్లు 47 రోజులు లేవలేదు. చివరికి ధరలను బట్టి కూలి పెంచుతామన్నారు గానీ కనీస వేతనంతో ముడిపెడతామని అనలేదు.

కొలతల సంగతిలో మన రాష్ట్రం ఒక మంచి పని చేసింది, చెప్పుకోవాలి. ఇంజనీర్ల పాత రేట్ల పట్టిక బలమైన మగ కూలీలతో కంట్రాక్టరు చేయించే పనికి తగ్గట్టు రాసింది. ఆడవాళ్లు, పెద్దవాళ్లు, మే నెల ఎండ, రాతి నేల, ఇవేవీ అందులో లేవు. పని చేస్తున్నవాళ్ల పక్కన గడియారం పట్టుకుని నిలబడి, మామూలు మనిషి ఎంత తవ్వగలడో చూసి రేట్లు తిరిగి రాశారు, వేసవి భత్యం కలిపారు. కూలీ సోమరి కాదు, కొలబద్దే తప్పు అని సర్కారు తనంతట తాను ఒప్పుకున్న అరుదైన సందర్భం.

చట్టాలు ఇప్పుడు మారాయి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయి, వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కార్మిక సంఘాలకు దాని మీద చాలా ఫిర్యాదులున్నాయి, ముఖ్యంగా తనిఖీ అధికారి పేరు పక్కన సహాయకుడు అనే మాట తగిలించడం మీద. కానీ అందులో ఒక సెక్షన్ మా అవ్వ వినుంటే బాగుండేది. కూలి ముట్టలేదని కూలీ ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేయాల్సిన భారం యజమానిదే. ఫిర్యాదుకు గడువు మూడేళ్లు. జీతం చీటీ ఇవ్వడం కూడా యజమాని విధి. ఇది తెలిసిన కూలీ మన ఊళ్లలో ఎంతమంది ఉంటారు?

ఇంతలో పుస్తకం కూడా వేషం మార్చింది. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల్లో హాజరు ఫోన్ యాప్‌లోనే. రోజుకు రెండు ఫోటోలు. కొండ పక్కన సిగ్నల్ అందక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కష్టం గాలికి పోయినట్టే. కూలి ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని నిబంధన. పైస్థాయిలో జరిగే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా పరిహారం కట్టడం చెల్లదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఆ పరిహారం దక్కించుకున్నవాళ్లు నాకు తారసపడలేదు. ఇంకు ప్యాడు పోయింది, చింతచెట్టు కింద బల్ల పోయింది. పల్లెల్లో ఇప్పుడు ఎక్కడ విన్నా ఒకటే ప్రశ్న: "పడ్డాయా?"

నౌర్తీ బాయి పెద్దయ్యాక చదవడం నేర్చుకుంది, కంప్యూటర్ నేర్చుకుంది, 2010లో తన హర్మాడాకు సర్పంచ్ అయింది. ఆమె సంగతి చదివిన రోజుల్లోనే మా ఊరికి వెళ్లాను. బస్టాండు పక్కన బ్యాంకు సేవలు చేసే చిన్న గది. ఒక ముసలామె వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టి ఎదురు చూస్తోంది. "పడ్డాయా నాయనా?" అంది. కుర్రాడు తెర చూసి, ఇంకా లేదవ్వా, నాలుగు రోజులు పోనీ అన్నాడు. ఆమె కదల్లేదు. వెనక వరస పెరుగుతోంది. కళ్లజోడు సర్దుకుని, బల్ల మీదకు వంగి అంది:

"ఆ టీవీ ఇట్ల తిప్పు. నేనూ చూస్తా."